తొమ్మిదికి నలభై ఒకటి

గణేశ్వరరావు వెంటనే కారు దిగలేదు. దుకాణం ముందు ఆపి, ఇంజను ఆపకుండా యాక్సిలరేటరు రెండుసార్లు గట్టిగా తొక్కాడు. ఆ మోతకి పంక్చరు షాపువాడూ, టీకొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరూ ఇటు తిరిగి చూశారు. వాళ్ళు చూశారని రూఢి చేసుకున్నాకే ఇంజను ఆపాడు.

మన్మథరావు బల్ల వెనక కూర్చునే ఇదంతా చూశాడు. ఈ మనిషికి ఏ సరుకు అంటగట్టొచ్చో అప్పుడే సగం తేల్చుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా పాత ఇరుసులూ గేర్‌బాక్సులూ కొని, విప్పి, కడిగి అమ్ముతున్నాడు. నర్సీపట్నం నుంచి కొండెక్కే జీపుల్లో సగానికి వెనక తిరిగే పళ్ళచక్రాలు ఆయన చేతుల మీదుగా పోయినవే. బండికేం కావాలో తెలిసి వచ్చేవాడితో బేరం కష్టం, లాభం తక్కువ. తనకేం కావాలో కూడా తెలియనివాడు వస్తే ఆ పూట దుకాణం తెరిచినందుకు ఫలితం దక్కినట్టే. గణేశ్వరరావు రెండో రకం. కంకర క్వారీ ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన పాత కాంటెస్సా కొని, విశాఖపట్నంలో ఎవరిచేతో పెద్ద ఇంజను పెట్టించాడు. వెడల్పాటి టైర్లు వేయించి, ఎర్రరంగు కొట్టించాడు. ఇన్ని చేయించినవాడు ఆ కారుని ఏ రోడ్డు మీద నడుపుతాడో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించి ఉండడు.

"పికప్ లేదండి మన్మథరావుగారూ," అన్నాడు గణేశ్వరరావు, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "ఆదివారం లంబసింగి ఎక్కతన్నాం. మా బావమరిది రమేష్‌బాబు కొత్త కారు కొన్నాడు కదేటి. మలుపులో నా పక్కనుంచి ఎల్లిపోనాడు. ఎల్లిపోతా చెయ్యూపినాడు."

"చెయ్యూపినారా?" అన్నాడు మన్మథరావు, ఎంతో బాధపడ్డట్టు.

"పోనీ హైవే మీద కొడదామంటే నూట పదిహేను దాటదు. మీటర్లో నూట అరవై దాకా అంకెలున్నాయి. ఉండి ఏటి లాభం?"

"అంటే లాగుడూ కావాల, పరుగూ కావాల."

"రెండూ కావాల."

రెండూ కావాలి. పెళ్ళివిందులో అరిటాకు ముందు కూర్చున్నవాడిలా అన్నాడా మాట. వెనక ఇరుసు నడిమధ్యన రెండు పళ్ళచక్రాలు ఉంటాయి. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు కొసన చిన్నది పినియను, దాన్ని పట్టుకుని తిరిగే పెద్దది క్రౌను. పినియనుకి పళ్ళు తక్కువైతే, చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు షాఫ్టు ఎక్కువ చుట్లు తిరగాలి. అప్పుడు బండి ఎద్దులా లాగుతుంది గాని పరుగు తగ్గుతుంది. పళ్ళు ఎక్కువైతే పరుగు పెరుగుతుంది, లాగుడు చస్తుంది. రెండూ కలిపి ఇచ్చే పినియను ఎక్కడా పుట్టలేదు. ఈ ముక్క ఏడో తరగతి పిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది. గణేశ్వరరావుకి చెప్పి ప్రయోజనం లేదు, ఆయనకి డబ్బుంది.

కారు ఎడమవైపు నుంచి దిగిన డ్రైవరు అప్పటికే కారు కిందికి వంగి చూసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. పేరు జ్ఞానానందం. నలభై అయిదేళ్ళుంటాయి. చొక్కా జేబులో పెన్నూ, కారు తిరిగిన కిలోమీటర్లూ పోయించిన పెట్రోలూ రాసుకునే చిన్న పుస్తకమూ ఉన్నాయి.

"ఇప్పుడు లోపల పదకొండుకి ముప్పైతొమ్మిది ఉన్నాదండి," అన్నాడు మన్మథరావుతో. "పినియనుకి పదకొండు, క్రౌనుకి ముప్పైతొమ్మిది. ఆయిలు మార్పించినప్పుడు లెక్కెట్టినాను."

మన్మథరావు లోపలికెళ్ళి ఆ ఇరుసులో పట్టే సెట్లు రెండు తెచ్చి బల్ల మీద గోనెపట్టా పరిచి పెట్టాడు. ఒకటి పదికి నలభై ఒకటి. రెండోది తొమ్మిదికి నలభై ఒకటి. గణేశ్వరరావు రెండింటినీ చేత్తో తూచి చూశాడు, బంగాళాదుంపలు కొంటున్నట్టు.

"పదికి నలభై ఒకటి ఎయ్యించండి సార్," అన్నాడు జ్ఞానానందం నెమ్మదిగా. "కొండకీ సాల్తాది, రోడ్డుకీ సాల్తాది. ఈ ఇంజనుకి అదే సరైంది."

"నిన్నెవడడిగినాడు?" అన్నాడు గణేశ్వరరావు, ఆయనవైపు చూడకుండానే. "స్టీరింగు పట్టుకోమన్నాను గాని సలహాలు పట్టుకోమన్నానేటి?"

డ్రైవరు చెప్పింది నిజమని మన్మథరావుకి తెలుసు. తన సొంత బండి అయితే తనూ అదే వేసేవాడు. కాని పదికి నలభై ఒకటి ఎప్పుడు పెట్టినా పోయే సరుకు. తొమ్మిదికి నలభై ఒకటి మూడేళ్ళుగా గ్రీజులో మూలుగుతోంది, అడిగే నాథుడు లేడు. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. కారులో వేగం చూపించే మీటరుకి చక్రంతో సంబంధం లేదు. దాని కేబులు గేర్‌బాక్సు తోక నుంచి వస్తుంది. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే మీటరుకి అంతే తెలుసు. ఇరుసులో పళ్ళు మార్చి షాఫ్టుని ఎక్కువ చుట్లు తిప్పితే, కారు నిజంగా నూరు వెళ్తుంటే ముల్లు నూట ఇరవై ఎనిమిది చూపిస్తుంది. ఈ మనిషికి కావాల్సింది వేగం కాదు, ముల్లు. ముల్లు ఇస్తే పోతుంది.

"ఇది ఎయ్యండి," అన్నాడు, తొమ్మిది పళ్ళ పినియను ముందుకి తోస్తూ. "కొండ మీద మీ బావమరిదికి మీ వెనక దీపాలే కనిపిస్తాయి. రోడ్డు మీద ముల్లు నూట నలభై తాకకపోతే నన్నడగండి."

ముల్లు అన్నాడు గాని కారు అనలేదు. తన మాట పొందికకి తనే లోలోపల మురిసిపోయాడు. గణేశ్వరరావు బేరమాడకుండా డబ్బు తీశాడు. జ్ఞానానందం బల్ల మీది పినియను వైపు ఒకసారి, మన్మథరావు ముఖం వైపు ఒకసారి చూసి, కారు తీసి షెడ్డులో పెట్టడానికి వెళ్ళాడు.

*

పని రెండు రోజులు పట్టింది. బిగించేది బాలన్న. దుకాణం వెనక షెడ్డులో పాతికేళ్ళుగా చేస్తున్నాడు. మాట తక్కువ, మాట్లాడితే కుట్టినట్టు మాట్లాడతాడు. మన్మథరావుని అతను తప్ప ఇంకెవరూ సావుకారూ అని పిలవరు.

నల్లబడ్డ ఆయిలు డబ్బాలోకి దించి, రెండువైపులా ఇరుసు కడ్డీలు లాగి, పళ్ళచక్రాలుండే డిఫరెన్షియలు మొత్తం బయటికి తీశాడు. కొత్త క్రౌను మీదా పినియను మీదా చెక్కిన నంబరు ఒకటేనా కాదా అని భూతద్దం పెట్టి చూశాడు. ఆ రెండూ పుట్టినప్పుడే ఒకదానికొకటి అరగదీసిన జత. జత తప్పితే బండి జన్మంతా ఏడుస్తూనే ఉంటుంది. పళ్ళకి నీలిరంగు పూసి, చేత్తో తిప్పి, రంగు పంటి మధ్యన చెరుగుతోందా, అంచున చెరుగుతోందా చూసి, కాగితమంత పల్చటి రేకులు ఒకటి తీసి ఒకటి పెట్టి, మళ్ళీ రంగు పూశాడు. ఇలా ఏడెనిమిది సార్లు. జ్ఞానానందం పక్కనే గొంతుకూర్చుని దీపం పట్టుకున్నాడు. ఆ పని ఆయనది కాదు, ఎవరూ చెప్పలేదు కూడా.

రెండోరోజు మధ్యాహ్నం జ్ఞానానందం బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"మీటరు పన్నుచక్రం మార్చరేటండి? గేర్‌బాక్సు తోకలో ప్లాస్టిక్‌ది ఉంటాది కదా. ఇరుసు మారిస్తే అదీ మార్చాల."

"అది దొరకదయ్యా."

"పాత గేర్‌బాక్సుల్లో ఉంటాదండి."

"ఉంటే నేనివ్వనా? నీకున్న తెలివి నాకు లేదేటి?"

ప్లాస్టిక్ చక్రం బల్ల కిందే, బిస్కట్ల డబ్బాలో ఇంకో పది చక్రాలతో కలిసి ఉంది. అది వేస్తే ముల్లు నిజం చెబుతుంది. నిజం చెబితే గణేశ్వరరావు కారు నూట తొమ్మిది దగ్గర ఆగిపోతుంది, సాయంత్రానికి దుకాణం ముందుకొచ్చి అరుస్తాడు. ఈ డ్రైవరులాంటి ముక్కుసూటి మనుషుల మీద మన్మథరావుకి ఎప్పుడూ చిన్నచూపే. జీతానికి పనిచేస్తూ యజమాని కారు గురించి యజమానికంటే ఎక్కువ పట్టించుకునేవాడు లోకజ్ఞానం లేనివాడని ఆయన లెక్క.

సాయంత్రం కారు తుని రోడ్డు మీద చూశారు. గణేశ్వరరావు నడిపాడు, పక్కన జ్ఞానానందం, వెనక సీట్లో మన్మథరావు. కారు కదలగానే ముగ్గురి తలలూ వెనక్కి కొట్టుకున్నాయి. గణేశ్వరరావు చిన్నపిల్లాడిలా నవ్వాడు. చెరుకుతోటల మధ్య రోడ్డు సూటిగా ఉన్నచోట చివరిదాకా తొక్కాడు. ఇంజను గోలపెట్టింది. ముల్లు నూట ముప్పై, నూట ముప్పై అయిదు, నూట నలభై.

"సూసినారా మన్మథరావుగారూ."

"సూస్తన్నానండి."

జ్ఞానానందం మాత్రం ముల్లుని చూడటం లేదు. కిటికీలోంచి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు చూస్తున్నాడు. రాయి దాటగానే మణికట్టు గడియారం వైపు, మళ్ళీ బయటికి. పెదవులు కదులుతున్నాయి. వెనకనుంచి అది మన్మథరావుకి స్పష్టంగా కనిపించింది.

తిరిగొచ్చాక గణేశ్వరరావు టీకొట్టు దగ్గర నూట నలభై గురించి చెబుతుంటే, జ్ఞానానందం పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "కిలోమీటరుకి ముప్పైమూడు సెకన్లు పట్టినాదండి. నూట నలభైకైతే ఇరవయ్యారు పట్టాల."

"నీ గడియారం పాతదైపోనాదయ్యా," అన్నాడు మన్మథరావు.

జ్ఞానానందం గడియారం వైపు చూసుకోలేదు. "సరేనండి," అని వెళ్ళిపోయాడు.

*

పన్నెండు రోజుల తరవాత పొద్దున్న గణేశ్వరరావు ఫోను చేశాడు. మన్మథరావు అప్పుడు ఎస్. రాయవరం నుంచి వచ్చిన పాత ట్రాక్టరు గేర్‌బాక్సు బేరంలో ఉన్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, చేత్తో గేరు పట్టుకుని తిప్పి చూస్తున్నాడు.

"మన్మథరావుగారూ, స్పీకర్లో పెట్టినాను. ఒక్క మాట సెప్పండి. ఇరుసు మార్చినప్పుడు మీరు మీటరు ముట్టుకున్నారేటి?"

"మీటరా? లేదండి."

"మా జ్ఞానానందం మీటరు తప్పు సూపిస్తందంటన్నాడు. మీవల్లేనంటన్నాడు."

మన్మథరావు నవ్వాడు. ఇంకా ఆ ముప్పైమూడు సెకన్లు పట్టుకుని వేలాడుతున్నాడన్నమాట. "బాబుగారూ, మీటరు మీద చెయ్యేస్తే నా చెయ్యి పడిపోవాల. అది ఎలా వచ్చిందో అలాగే ఉన్నాది."

"విన్నావా?" అన్నాడు గణేశ్వరరావు అవతల ఎవరితోనో. జవాబు వినపడలేదు. ఫోను పెట్టేశాడు.

చెప్పిన ప్రతి ముక్కా నిజమే. మీటరు ముట్టుకోలేదు. అసలు ముట్టుకోకపోవడమే కదా కిటుకు. మన్మథరావు ఆ సంగతి మరిచిపోయి, గేర్‌బాక్సులో మూడో గేరు అరిగిందని చూపించి బేరం మరో మెట్టు దించాడు.

మర్నాడు మధ్యాహ్నం బాలన్న అన్నం క్యారేజీ విప్పుతూ చెప్పాడు.

"జ్ఞానానందాన్ని మానిపించీసినారు సావుకారూ."

"ఎందుకు?"

"పెట్రోలు దొంగంట."

మన్మథరావు పట్టించుకోలేదు. "డ్రైవర్లు పెట్రోలు తాగకుండా ఉంటారేటి."

"రెండేళ్ళు తాగినాడంట. పుస్తకంలో దొరికిపోనాడంట. ఇరుసు మార్చకముందు లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చిన కారు, మార్చినాక పదిన్నర ఇస్తందంట. ఇప్పుడు ఇస్తంది కదా, మరి అప్పుడెందుకు ఇవ్వలేదు, మధ్యలో పెట్రోలంతా ఏటైనాది అని గణేశ్వరరావుగారు నిలదీసినారు. మీటరు ఎక్కువ తిరుగుతందండి, రోడ్డు మీద రాళ్ళు పది దాటితే మీటరు పదమూడు తిరుగుతంది అని ఈయన సెప్పినాడు. అయితే ఆ మూడు కిలోమీటర్లూ నువ్వు ఎవలింటికి తిప్పినావు అని అడిగినారంట." బాలన్న పచ్చడి కలుపుకున్నాడు. "ఆయన మాట నమ్మక నీకు ఫోను సేసినారంట. నువ్వు చెయ్యి పడిపోవాలన్నావంట."

మన్మథరావు అట్టముక్క తీసి పెన్సిలుతో లెక్క వేసి చూశాడు. వేయక్కర్లేదు, తెలుసు. అయినా వేశాడు. కొత్త పళ్ళతో ఇంజను ఎక్కువ తిరుగుతోంది కాబట్టి కారు నిజానికి ఇదివరకటికంటే ఎక్కువ తాగుతోంది, లీటరుకి ఎనిమిది చిల్లర. దాన్నే మీటరు పదిన్నర చేసి చూపిస్తోంది. ఎక్కువ తాగుతున్న కారు తక్కువ తాగుతున్నట్టు పుస్తకంలోకెక్కింది. ఆ పుస్తకం నిజాయితీగా రాసినవాడు దొంగయ్యాడు. మీటరు అంకె చూసి ఉన్నదున్నట్టు రాయబట్టే దొరికిపోయాడు. నిజంగా దొంగైతే లెక్క సరిపెట్టి రాసుకునేవాడు. ఆ మాత్రం ఆలోచన గణేశ్వరరావు బుర్రకి అందదు.

"ఇందులో మనదేటున్నాది," అన్నాడు పైకి. "ఆయన డ్రైవరు, ఆయనిష్టం."

"మనదేటీ లేదు," అన్నాడు బాలన్న. "పన్నుచక్రం డబ్బాలో ఉన్నాది గాని, మనదేటీ లేదు."

*

మన్మథరావు ఆ పూటంతా, మర్నాడు సగంపూటా లెక్క అటూ ఇటూ తిప్పి చూశాడు. చెబితే గణేశ్వరరావు సరుకు వెనక్కి తెస్తాడు. ఊళ్ళో పేరు పోతుంది. చెప్పకపోతే ఒక డ్రైవరు ఇంకోచోట పనిచూసుకుంటాడు. ఎటు తూచినా చెప్పకపోవడమే లాభం. లెక్క ఇంత సూటిగా తేలాక మనసు ఎందుకు కుదురుగా లేదో ఆయనకి తెలియలేదు. తనకి లోకువైన వాళ్ళని మోసం చేశానన్న బాధ ఆయనకి ఎప్పుడూ లేదు. కాని ఈసారి బురిడీ కొట్టించింది ఒకణ్ణి, దెబ్బ తగిలింది ఇంకొకడికి. అది పనితనం కాదు. గురి తప్పడం.

ప్లాస్టిక్ చక్రం జేబులో వేసుకుని క్వారీకి వెళ్ళాడు. కంకర మిల్లు హోరులో ఏమీ చెప్పలేక, "ఒక్కసారి కారు తియ్యండి, చిన్న పని," అన్నాడు. కృష్ణదేవిపేట రోడ్డు మీదకొచ్చాక ఒక కిలోమీటరు రాయి దగ్గర ఆపించి, మీటరు అంకె అరచేతిలో రాసుకున్నాడు. పది రాళ్ళు దాటాక మళ్ళీ ఆపించి, చెయ్యి గణేశ్వరరావు ముందు పెట్టాడు.

"పది కిలోమీటర్లండి. మీటరు పన్నెండూ ఎనిమిది తిరిగింది."

గణేశ్వరరావు చేతివైపు చూశాడు, మీటరు వైపు చూశాడు. జీడితోట పక్కన కారు నీడలోకి తీసి ఇంజను ఆపాడు. మన్మథరావు మొత్తం చెప్పాడు. షాఫ్టు, కేబులు, పళ్ళు. నూట నలభై నూట నలభై కాదని, నూట తొమ్మిదని. పుస్తకంలో పదిన్నర పదిన్నర కాదని. చెబుతూ, ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు అరుస్తాడు అని ఎదురుచూశాడు.

గణేశ్వరరావు వేలితో మీటరు గాజు మీది దుమ్ము తుడిచాడు. ఆయన అన్న మొదటి మాట ఇది. "రమేష్‌బాబుకి తెలుసేటి?"

"ఎవరికీ తెలీదండి."

"మొన్న ఆడ్ని నా కారులో ఎక్కించుకుని నూట నలభై సూపించినాను. ఆడి ఫోను నూట ఎనిమిదంటంది. ఫోనుకేటి తెలుసురా, కొండల్లో సిగ్నలుండదు అని నవ్వినాను."

మన్మథరావు జేబులోంచి చక్రం తీశాడు. బొటనవేలంత తెల్లటి ముక్క. "ఇది పావుగంట పని. డబ్బులొద్దు. ఏసేస్తే ముల్లు సరిగ్గా సూపిస్తాది. జ్ఞానానందాన్ని పిలిచి..."

"ఏసేస్తే నూట తొమ్మిది సూపిస్తాది."

"అవునండి."

"మీ దగ్గరే ఉంచండి దాన్ని."

"మరి జ్ఞానానందం సంగతండి?"

"ఆడు దొంగ కాడని ఇప్పుడు నాకు తెలుసు. మీకూ తెలుసు. సాలదేటి?" గణేశ్వరరావు తాళం తిప్పాడు. "ఆడ్ని మళ్ళీ పిలిస్తే ఎందుకు పిలిచినావని అడుగుతారు. సెప్పాల. సెప్తే ముల్లు సంగతి సెప్పాల. నాకూ నామోషీ, మీకూ నామోషీ. ఆడు మంచి డ్రైవరు, ఎక్కడైనా బతుకుతాడు. అందరికీ బాగానే ఉన్నాది కదా. కదిపి ఏటి లాభం?"

కారు ఎగిరినట్టు కదిలింది. వెనక్కి వస్తున్నంతసేపూ గణేశ్వరరావు మధ్యమధ్య ముల్లువైపు చూసుకుంటూనే ఉన్నాడు. అబద్ధమని తెలిశాక కూడా ఆ చూపులో మురిపెం తగ్గలేదు. మన్మథరావుకి ఆ మనిషిని చూస్తే రోత పుట్టింది. ఇంతకాలం అలాంటివాళ్ళని చూసి నవ్వుకునేవాడు, రోత పుట్టడం ఇదే మొదలు. అందరికీ బాగానే ఉంది, కదిపి ఏం లాభం. నిన్న మధ్యాహ్నం నుంచీ తను తనతో అనుకుంటున్నది అక్షరం పొల్లుపోకుండా ఇదే.

*

జ్ఞానానందం ఇల్లు చర్చి వెనక వీధిలో. ఆయన భార్య లీలా గుమ్మంలో చాట పెట్టుకుని జీడిపప్పు మీది ఎర్రపొట్టు చిన్న కత్తితో తీస్తోంది. మన్మథరావుని చూసింది. కత్తి ఆగలేదు, కూర్చోమనలేదు.

జ్ఞానానందం లోపలినుంచి బనీనుతో వచ్చి, ఆయన్ని చూసి, మళ్ళీ లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. కుర్చీ వేశాడు.

"గణేశ్వరరావుకి అంతా సెప్పినాను," అన్నాడు మన్మథరావు. "రాళ్ళు లెక్కెట్టి సూపించినాను. ఒప్పుకున్నాడు."

"ఏటన్నారండి?"

"పిలవనన్నాడు."

లీలా ఒక పప్పు చాటలో వేసి ఇంకొకటి తీసుకుంది.

"నా దగ్గర పని సెయ్యి," అన్నాడు మన్మథరావు. "విశాఖపట్నం నుంచి సరుకు తేవాల. వ్యాను ఉన్నాది. నెలకి ఆయనిచ్చిందే ఇస్తాను."

"మీ వ్యానుకి మీటరు ఉన్నాదేటండి?" అంది లీలా, తల ఎత్తకుండా.

మన్మథరావు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"ఊరుకో లీలా," అన్నాడు జ్ఞానానందం. తరవాత ఆయన వైపు తిరిగి, "స్కూలు బస్సుకి డ్రైవరు కావాలన్నారండి. ఎల్లినాను. బండి నడిపించి సూసినారు, బాగానే ఉన్నాదన్నారు. అంతకుముందు ఎక్కడ సేసినావు అన్నారు. సెప్పినాను. సోమవారం లోపు గణేశ్వరరావుగారికి ఫోను సేసి కనుక్కుంటాం అన్నారు. పిల్లల బస్సు కదండి, దొంగని పెట్టుకోరు."

"ఆయనేటి సెప్తాడో?"

"నాను దొంగని కానని సెప్పాలంటే ముల్లు అబద్ధమని సెప్పాల కదండి. సెప్పరు."

ఆ ముక్క తేలడానికి మన్మథరావుకి క్వారీ దాకా వెళ్ళి పది రాళ్ళు లెక్కపెట్టాల్సి వచ్చింది. ఈయన గుమ్మం దాటకుండానే తేల్చేశాడు.

"కాయితం రాసిస్తాను," అన్నాడు మన్మథరావు.

సంచిలోంచి దుకాణం బిల్లుపుస్తకం తీశాడు. దాని మీద తన పేరూ, దుకాణం పేరూ అచ్చులో ఉన్నాయి. మోకాలి మీద పెట్టుకుని రాశాడు. ఫలానా కారుకి ఫలానా తేదీన పదకొండుకి ముప్పైతొమ్మిది తీసి తొమ్మిదికి నలభై ఒకటి వేశానని. దానివల్ల పది కిలోమీటర్లకి మీటరు పన్నెండూ ఎనిమిది చూపిస్తుందని. జ్ఞానానందం రాసిన పెట్రోలు లెక్కలో తప్పు లేదని. సంతకం పెట్టి చించి ఇచ్చాడు.

జ్ఞానానందం నిలబడే రెండుసార్లు చదివాడు. వెనక్కిచ్చాడు.

"ఇంకో ముక్క రాయండి."

"ఏటి?"

"మీటరు తప్పు సూపిస్తాదని బిగించిన రోజే మీకు తెలుసని రాయండి. డ్రైవరు అడిగినా మార్చలేదని రాయండి. లేపోతే ఇప్పుడు కనిపెట్టినట్టుంటాది. నాను ముందే సెప్పినానన్నది నిలబడదు."

"అది రాస్తే రేపు నా దగ్గర ఎవడు కొంటాడయ్యా?"

"నాకు తెల్దండి," అన్నాడు జ్ఞానానందం. కోపంగా అనలేదు. దారి అడిగినవాడికి తెలియదని చెప్పినట్టు అన్నాడు.

లీలా కత్తి ఆపింది. వీధిలో షేరింగు ఆటో ఒకటి జనాన్ని పిలుచుకుంటూ పోయింది. మన్మథరావు కాగితం మోకాలి మీద పెట్టుకుని కాసేపు చూశాడు. సంతకానికి పైన జాగా లేదు. సంతకం కింద రాసి, మళ్ళీ సంతకం పెట్టాడు. జ్ఞానానందం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ అనలేదు. "మీ నంబరు కూడా ఉన్నాది కదండి అందులో," అన్నాడు. "వాళ్ళు మీకే సేస్తారు."

*

శనివారం పదకొండు గంటలకి ఫోను చేశారు. చింతపల్లి నుంచి వచ్చిన జీపు ఓనరొకడు అప్పుడు బల్ల ముందు ఉన్నాడు. ఒక సెట్టు ఖాయం చేసుకుని, డబ్బు కట్ట జేబులోంచి సగం బయటికి తీసి ఉన్నాడు. బాలన్న షెడ్డు గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్నాడు.

"స్కూలు నుంచండి, మేనేజర్ని. మీరు రాసిన కాయితం నా ముందున్నాది. ఇది మీరే రాసినారా?"

"నేనే రాసినానండి."

"కింద ముక్క కూడా? బిగించిన రోజే మీకు తెలుసని ఉన్నాది."

జీపు ఓనరు వింటున్నాడు. ఆ గొంతు దుకాణమంతా వినపడుతోంది. ఫోను పట్టుకుని బయటికెళ్ళొచ్చు, రోడ్డు చప్పుడులో సరిగ్గా వినపడలేదనొచ్చు. మన్మథరావు కూర్చున్నచోటినుంచి లేవలేదు.

"తెలుసండి. మీటరు తప్పు సూపిస్తాదని తెలిసే బిగించినాను. మార్చమని డ్రైవరు అడిగినాడు. నా దగ్గర సామాను ఉండి కూడా లేదన్నాను. ఆయన లెక్కలో తప్పులేదు."

అవతల కాగితం మడిచిన చప్పుడైంది. "సరే. సోమవారం నుంచి రమ్మంటాం," అని పెట్టేశారు. ఆ గొంతులో మన్మథరావు పట్ల గౌరవమేమీ లేదు.

ఆయన ఫోను బల్ల మీద పెట్టి తల ఎత్తాడు. జీపు ఓనరు డబ్బు కట్ట మళ్ళీ జేబులోకి తోశాడు. వెళ్ళిపోతాడనుకున్నాడు మన్మథరావు. వెళ్ళలేదు. గోనెపట్టా ముందు గొంతుకూర్చుని, క్రౌను ఒళ్ళోకి లాక్కుని, ఒక పంటి మీద సుద్దతో గీత పెట్టి, వేలు ఆనించి ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై దాటాక తప్పిపోయాడు. గీత దగ్గరకి తిరిగొచ్చి మళ్ళీ ఒకటి అన్నాడు.

మన్మథరావు లేచి, వెలుతురుకి అడ్డం తప్పుకున్నాడు.